మెట్టు నుండి మేళానికి: తంత్రీవాద్యాల అమరికలో మార్పులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కర్ణాటక సంగీతచరిత్రలో ‘మేళం’ అనే మాటను రాగాల వర్గీకరణకు చెందిన శాస్త్రపదంగా మాత్రమే చదవడం పరిపాటి. వీణపై మెట్లు అమర్చే పనికీ అదే పేరు. విజయనగర, తంజావూరు ఆస్థానాల్లో వెలసిన లక్షణగ్రంథాల ఆధారంగా, వాద్యంపై మెట్ల అమరికే స్వరసంఖ్యనూ మేళసంఖ్యనూ నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మెట్లు లేని గోటువాద్యం, హవాయి గిటారు నుండి పుట్టిన పెడల్ స్టీల్ గిటారు, ఉప్పలపు శ్రీనివాస్ మార్చుకొన్న మాండలిన్ ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి తోడ్పడతాయి.

కీలకపదాలు: మేళం, మెట్లు, వీణ, రామామాత్యుడు, వేంకటమఖి, గోటువాద్యం, పెడల్ స్టీల్ గిటారు, మాండలిన్.

1. ఉపోద్ఘాతం

విజయవాడ, నాగార్జునసాగర్ రహదారులు హైదరాబాదు నగరంలో ప్రవేశించే చోట ఎల్.బి. నగర్ కూడలి ఉంది. అక్కడి నుండి దిల్‌సుఖ్‌నగర్ దాకా పరచుకొన్న కాలనీల్లో నల్లగొండ, ఖమ్మం ప్రాంతాల నుండీ కోస్తా జిల్లాల నుండీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంటి ముందు గదిలోనే వీణ నేర్పే ఉపాధ్యాయులూ, బడి వదిలాక వచ్చి నేర్చుకొనే పిల్లలూ ఈ కాలనీల్లో కనిపిస్తారు. వీణ తయారయ్యే ఊళ్లు మాత్రం దూరం. నూజివీడు కొంత దగ్గర. బొబ్బిలి ఆరువందల కిలోమీటర్లకు పైమాటే. తంజావూరు మరీ దూరం.

ఈ దూరానికి సంగీతపరమైన అర్థం కూడా ఉంది. వీణ దండిపై ఇరవైనాలుగు లోహపు మెట్లు మైనంలో నిలబడి ఉంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండికి రెండువైపులా కట్టిన గట్లే వాటికి ఆధారం. తేనెమైనం సుమారు 62 డిగ్రీల వద్ద కరుగుతుంది; అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో వీణను ఒక పూట వదిలేస్తే చాలు, మెట్టు వెంట్రుకవాసి కుంగుతుంది లేదా పక్కకు జరుగుతుంది. కుంగిన మెట్టుపై తీగ నొక్కితే అది పక్క మెట్టును తాకి జీరపోతుంది. జరిగిన మెట్టు అపస్వరం పలుకుతుంది. అప్పుడు వీణ ఉన్న ఇంట్లో వినిపించే మాట ఒకటే: మేళం చెడింది, మేళం వేయించాలి.

సంగీతశాస్త్రం చదువుకొన్నవారికి ‘మేళం’ అనగానే కనకాంగి మొదలు రసికప్రియ వరకు గల డెబ్బయిరెండు గుర్తుకు వస్తాయి. వీణ బాగుచేసేవారికి మైనమూ మెట్లూ గుర్తుకు వస్తాయి. ఈ రెండు అర్థాల మధ్య సంబంధం యాదృచ్ఛికమా? విశ్వవిద్యాలయాల పాఠ్యగ్రంథాలు మొదటి అర్థాన్ని గణితప్రతిభకు నిదర్శనంగా వర్ణించి, రెండవదాన్ని పనిముట్ల సంగతిగా వదిలివేస్తాయి. గ్రంథాలు చూపే క్రమం దీనికి తలకిందులుగా ఉంది.

2. రామామాత్యుని వీణ

అళియ రామరాయల ప్రేరణతో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధిని రచించాడు. తోడరమల్ల తిమ్మామాత్యుని కుమారుడైన ఈయన తెలుగువాడు. గ్రంథం సంస్కృతంలో ఉంది. ఇందులో అయిదు ప్రకరణాలు: ఉపోద్ఘాతం, స్వరం, వీణ, మేళం, రాగం. వీణాప్రకరణం స్వరానికీ మేళానికీ నడుమ ఉంది. వాద్యాలను గ్రంథం చివర ప్రత్యేకాధ్యాయంగా చెప్పే పాత లక్షణకారుల పద్ధతి ఇది కాదు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలో వాద్యాధ్యాయం ఆరవది. రాగాల సంగతి ముగిసిన ఎంతో దూరానికి గాని రాదు. రామామాత్యునికి మాత్రం మేళాన్ని చెప్పాలంటే ముందు వీణను నిలబెట్టాలి.

ఆయన చెప్పిన వీణలు మూడు: శుద్ధమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ, మధ్యమేళవీణ. రెండవదానికి విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల పేరు పెట్టారు. తీగలు శ్రుతి చేసే తీరును బట్టి ఈ భేదాలు ఏర్పడ్డాయి. శుద్ధమేళవీణకు నాలుగు తీగలు వరుసగా అనుమంద్ర షడ్జం, అనుమంద్ర పంచమం, మంద్ర షడ్జం, మంద్ర మధ్యమం. మధ్యమేళవీణకు అనుమంద్ర పంచమం, మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం. ఈ రెండవ అమరికే నేటి వీణది. అనుమంద్రం, మంద్రం, పంచమం, సారణి అని నేడు వాడుకలో ఉన్న పేర్లను కింది నుండి పైకి చదివితే రామామాత్యుని వరుస యథాతథంగా వస్తుంది. నాలుగువందల డెబ్బై ఏళ్లుగా మారని ఈ శ్రుతి పద్ధతి, ఇంత మారిన సంగీతంలో, ఒక విశేషమే.

శుద్ధమేళవీణపై మెట్లను నిలిపిన తీరు ఆయన సిద్ధాంతానికి మూలం. ఆయన కొలబద్ద పట్టలేదు. వాద్యమే తనంతట తాను పలికే స్వరాలను ఆధారం చేసుకొన్నాడు; వాటికి స్వయంభూస్వరాలని పేరు. ఉదాహరణకు మధ్యమం పలికే నాలుగవ తీగపై రెండవ మెట్టు పంచమం పలకాలి. ఆ పంచమం సరైనదో కాదో తేల్చడానికి రెండవ తీగ ఉంది: దానిని నొక్కకుండా మీటితే కింది స్థాయి పంచమం మోగుతుంది. రెండూ కలిశాయా, మెట్టు స్థిరపడింది. అలాగే పంచమపు తీగపై అయిదవ మెట్టు షడ్జం పలకాలి. పక్కనే ఉన్న మూడవ తీగ దానికి సాక్షి. ఒక తీగపై ఇలా తేలిన మెట్టు మిగిలిన మూడు తీగల కింద కూడా అడ్డంగా సాగి ఉంటుంది. కాబట్టి రెండవ మెట్టు షడ్జపు తీగపై ఏ ధ్వని పలికితే అదే నాటి శుద్ధగాంధారం, అంటే నేటి చతుశ్శ్రుతి రిషభస్థానం. అయిదవ మెట్టు అదే తీగపై శుద్ధమధ్యమం అవుతుంది. ఒక్కొక్క స్వరాన్నీ విడిగా నిర్ణయించే స్వేచ్ఛ ఇక లేదు. ఒకే లోహపు కడ్డీ నాలుగు తీగలకూ న్యాయం చేయాలి.

చిక్కు ఇక్కడే మొదలైంది. రామామాత్యుడు శుద్ధస్వరాలు ఏడు, వికృతస్వరాలు ఏడు, మొత్తం పధ్నాలుగు చెప్పాడు. రత్నాకరంలోని పన్నెండు వికృతులను ఏడుకు తగ్గించడమే పెద్ద సంస్కారం. అయినా వాటిలో అంతరగాంధారం, చ్యుతమధ్యమగాంధారం అనే రెండు పక్కపక్కనే ఉన్నాయి. పైన కాకలినిషాదం, చ్యుతషడ్జనిషాదం అలాగే. రెండింటికీ రెండు మెట్లు వేస్తే అవి వేలు పట్టనంత దగ్గరగా వస్తాయి. అందుచేత చ్యుతమధ్యమగాంధారపు మెట్టే అంతరగాంధారానికి ప్రతినిధి అనీ, చ్యుతషడ్జనిషాదపు మెట్టే కాకలికి ప్రతినిధి అనీ ఆయన అంగీకరించాడు. పధ్నాలుగు పేర్లు, పన్నెండు మెట్లు.

ఈ ప్రతినిధి స్వరభావనను కేవలం రాజీగా చూసినవారున్నారు. శాస్త్రదృష్టిలో రాజీయే. చరిత్రదృష్టిలో మాత్రం ఇది అరుదైన సాక్ష్యం: రెండు స్వరాలు ఒకటి కావడానికి కారణం చెవి కాదు, రాగం కాదు, వేలికీ మెట్టుకూ మధ్య ఉన్న చోటు. శాస్త్రకారుడే ఈ సంగతిని దాచకుండా చెప్పాడు.

ఇదే ప్రకరణంలో ఏకరాగమేళం, సర్వరాగమేళం అనే భేదమూ ఉంది. ఏకరాగమేళవీణలో ఒక రాగానికి కావలసిన స్వరాల మేరకే మెట్లు అమర్చుకొంటారు. రాగం మారితే మెట్లను జరుపుకోవాలి. సర్వరాగమేళవీణలో అన్ని మెట్లూ ముందే ఉంటాయి. రాగం మారినా వాద్యాన్ని కదిలించనక్కరలేదు. ఇక్కడ ‘మేళం’ అంటే మెట్ల కూర్పే. రాగాల కుటుంబం కాదు. తరువాతి ప్రకరణంలో ఆయన చెప్పిన ఇరవై మేళాలు రాగాల కుటుంబాలు. ఒక్క గ్రంథంలో, వరుస ప్రకరణాల్లో, ఈ మాట వాద్యం నుండి శాస్త్రానికి నడిచి వెళ్లింది.

మేళపద్ధతికి ఇంతకంటె పాత ఆధారం లేదా అనే ప్రశ్న సహజం. విద్యారణ్యుల పేర చెప్పే సంగీతసారంలో పదిహేను మేళాలున్నట్లు తంజావూరు సంగీతసుధ ద్వారా తెలుస్తుంది. మూలగ్రంథం అలభ్యం. కాబట్టి మేళభావన వీణాప్రకరణంతోనే పుట్టిందని అనడం సాహసం. పన్నెండు స్థానాల నిశ్చితమైన చట్రం దానికి వీణాప్రకరణంతో ఏర్పడింది అనడం సాహసం కాదు.

3. తంజావూరు: మెట్లు కదలని వీణ

విజయనగర పతనానంతరం సంగీతశాస్త్రం తంజావూరు నాయకుల ఆస్థానానికి చేరింది. రఘునాథనాయకుడు తెలుగు కవి. రామాయణం, వాల్మీకిచరిత్ర, శృంగారసావిత్రి ఆయన కృతులు. స్వయంగా వైణికుడు. మెట్లను జరపకుండా అన్ని రాగాలూ అన్ని స్థాయిల్లోనూ వాయించడానికి వీలుగా ఇరవైనాలుగు మెట్లు స్థిరంగా నిలిపిన వీణను ఆయన కాలానికి ముడిపెట్టడం సంప్రదాయం. తంజావూరు వీణ అనే పేరుకు ఇదే మూలమంటారు. ఆయన మంత్రి గోవిందదీక్షితుని కుమారుడు వేంకటమఖి, విజయరాఘవనాయకుని ప్రోత్సాహంతో చతుర్దండిప్రకాశికను రచించాడు. అందులో రఘునాథేంద్రమేళవీణ ప్రస్తావన ఉంది. విజయనగర వీణకు అచ్యుతరాయల పేరు, తంజావూరు వీణకు రఘునాథుని పేరు! అమరిక మార్పు రాజుల కీర్తికి చేరింది; మెట్టు వేసిన చేతి పేరు రెండుచోట్లా లేదు.

చతుర్దండిప్రకాశికలో ప్రకరణాల క్రమం మరింత స్పష్టం. మొదటిదే వీణాప్రకరణం. శ్రుతి, స్వరం, మేళం, రాగం దాని తరువాత వస్తాయి. వేంకటమఖి రామామాత్యుని మీద కటువుగా విరుచుకుపడ్డాడు. ఆ నిందావాక్యాల ఘాటు చదివేవారికి ఒక్కొక్కచోట ఇబ్బంది కలిగిస్తుంది. అయితే పునాది విషయంలో ఆయన ప్రత్యర్థి దారినే సాగాడు. రామామాత్యుడు పధ్నాలుగు పేర్లను పన్నెండు మెట్లలో సర్దాడు. వేంకటమఖి ఆ మిగులును తీసివేసి, శుద్ధస్వరాలు ఏడు, వికృతస్వరాలు అయిదు, వెరసి పన్నెండే అన్నాడు. పేర్లు మెట్ల సంఖ్యకు వచ్చి ఆగాయి.

డెబ్బయిరెండు మేళాల లెక్క ఇక్కడ నుండి సులభం. షడ్జానికీ మధ్యమానికీ నడుమ నాలుగు స్థానాలు. వాటిలో రెండింటిని రిషభ గాంధారాలుగా ఎన్నుకొనే తీరులు ఆరు. పంచమం పైన ధైవత నిషాదాలకూ ఆరు. మధ్యమాలు రెండు. ఆరు, ఆరు, రెండు హెచ్చవేస్తే డెబ్బయిరెండు. నాడు వాడుకలో ఉన్నవిగా ఆయన వివరించినవి పంతొమ్మిదే. మిగిలినవి రాగోవు కాలానికి. ఈ హెచ్చవేత అందమైనదే, కాని హెచ్చవేయడానికి ముందు నడిమి స్థానాలు నాలుగే అని ఎవరో తేల్చి ఉండాలి. గొంతు తేల్చలేదు, గొంతుకు స్థానాల మధ్య హద్దు లేదు. ఇరవైరెండు శ్రుతుల సిద్ధాంతమూ తేల్చలేదు. షడ్జపు తీగ కింద మొదటి నాలుగు మెట్లు తేల్చాయి.

మరొక సంగతి గమనార్హం. మెట్లు స్థిరపడ్డాక వాటి మధ్య ఉండే సూక్ష్మధ్వనులు సంగీతం నుండి తొలగిపోలేదు. వేలికి వచ్చి చేరాయి. తీగను మెట్టుపై అడ్డంగా లాగితే పై స్వరాలు పలుకుతాయి. నిలిచిన మెట్టుపై కదిలే తీగ: గమకానికి భౌతికమైన ఆధారం ఇదే. 1904లో ఎట్టయపురం నుండి తెలుగులో వెలువడిన సంగీతసంప్రదాయప్రదర్శినిలో సుబ్బరామదీక్షితులు నొక్కు, జారు మొదలైన గమకాలను వీణపై వేళ్ల నడకతో వివరించారు. ఏకరాగమేళంలో మెట్టు చేసిన పనిని సర్వరాగమేళంలో వేలు చేయవలసి వచ్చింది.

4. మెట్టు లేని దారి

మెట్లను జరపడం ఒక దారి. మెట్లను స్థిరపరచి తీగను లాగడం రెండవ దారి. మెట్లనే తీసివేయడం మూడవది. సంగీతరత్నాకరంలోని ఏకతంత్రీవీణను వెదురుపుల్ల జార్చి వాయించేవారు. గోటువాద్యం ఈ కోవకు చెందినది. శృంగారసావిత్రిలో ఈ వాద్యం పేరు కనిపిస్తుందని సంగీతచరిత్రకారులు గుర్తించారు. స్థిరమైన మెట్ల వీణతో తన పేరు ముడిపడిన రాజు కావ్యంలోనే మెట్లు లేని వాద్యం పేరు దొరకడం ఆసక్తికరం. పందొమ్మిదో శతాబ్ది చివర తిరువిడైమరుదూరు సఖారామారావు దీనికి తిరిగి ప్రాణం పోశాడు. ఆయన శిష్యుడు నారాయణ అయ్యంగారు (1903–1959) కచేరీ వాద్యంగా నిలిపాడు. నారాయణ అయ్యంగారి మనుమడు రవికిరణ్ దీనికి చిత్రవీణ అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. నల్లచేవ కట్టెతో చేసే జారుడుకర్ర స్థానంలో టెఫ్లాన్ కడ్డీని వాడి అమరికలో మరో మార్పు చేశాడు. బరువు, నునుపు మారితే నాదం నిలిచే కాలం మారుతుంది.

ఇదే దారిని సముద్రానికి ఆవల మరొకరు తొక్కారు. 1880ల చివర హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు గిటారును ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, తీగలపై ఉక్కు కడ్డీ జార్చి వాయించే పద్ధతిని రూపొందించాడు. అంతకుముందే గేబ్రియల్ డేవియన్ అనే, భారతదేశంలో పుట్టిన నావికుడు అక్కడ ఇలాంటి వాదనం చేశాడని ఒక కథనం ఉంది. దాన్ని పట్టుకొని గోటువాద్యమే హవాయి గిటారుకు తల్లి అని చెప్పేవారున్నారు. ఒక కథనంపై అంత భవనం కట్టడం పరిశోధన అనిపించుకోదు. తిరుగు ప్రయాణానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. 1940లలో టౌ మో కుటుంబం కలకత్తాలో ఉండి హవాయి గిటారును ప్రచారం చేసింది. తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిని హిందుస్తానీ రాగవాద్యంగా మలిచాడు. విశ్వమోహన్ భట్ దానికి అనుస్వన తంత్రులు చేర్చి మోహనవీణ అన్నాడు. 1994లో గ్రామీ పురస్కారం పొందాడు.

అమెరికాలో ఆ గిటారు మరో మలుపు తిరిగింది. ఉక్కు కడ్డీ నిటారుగా ఉంటుంది. కనుక అన్ని తీగలనూ ఒకే మేరకు జరుపుతుంది. తీగల మధ్య అంతరాలు మారవు. ఒక స్వరసమూహం నుండి మరొకదానికి వెళ్లాలంటే వేరే శ్రుతిలో ఉన్న మరో వరుస తీగలు కావాలి. అందుకే రెండు మూడు మెడల స్టీల్ గిటార్లు పుట్టాయి. ఏకరాగమేళవీణ ఎదుర్కొన్న చిక్కే ఇది. దీనికి పెడల్ స్టీల్ గిటారు ఇచ్చిన జవాబు వేరు: కాలితో తొక్కితే ఎంపిక చేసిన తీగల మూలశ్రుతే మారుతుంది. వాయిస్తూ ఉండగా మారుతుంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కాడు. ఆ జారుడు నాదం ఆ వాద్యానికి ముద్రగా మారింది.

ఇ-నైన్ అనే ప్రసిద్ధమైన అమరికలో పది తీగలుంటాయి. మొదటి పెడల్ అయిదు, పదవ తీగలను ఒక పూర్తి స్వరం మేర పెంచుతుంది. రెండవది మూడు, ఆరవ తీగలను అర్ధస్వరం పెంచుతుంది. మోకాలి మీటలు మరికొన్నింటిని పెంచుతాయి, తగ్గిస్తాయి. తొక్కిన పెడల్ అడుగునున్న కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ తీగ కొస పట్టుకొన్న లోహపు వేలిని తిప్పుతుంది. ఎంత తిరగాలో చివరనున్న మరతో సరిచేసుకోవాలి. ఏ పెడల్ ఏ తీగను ఎంత మార్చాలనేది వాద్యకారుడే నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని పట్టికగా రాసుకొంటారు; దాని పేరు కోపెడెంట్. ఇద్దరు వాద్యకారుల పట్టికలు పూర్తిగా ఒకేలా ఉండడం అరుదు. పెడల్ తొక్కిన బరువుకు వాద్యశరీరమే కొద్దిగా వంగి, తాకని తీగల శ్రుతి కూడా రవంత దిగుతుంది. దానిని ముందే లెక్కవేసి శ్రుతి చేసుకోవాలి. ఒక తీగకు నూటికి నూరు పాళ్లు న్యాయం చేస్తే మరో తీగకు అన్యాయం. రామామాత్యుని ప్రతినిధి స్వరం ఎదుర్కొన్న సమస్య ఇక్కడ మరలూ కడ్డీల రూపంలో తిరిగి వచ్చింది.

పోలిక ఇంతవరకే. పెడల్ స్టీల్ గిటారు ఒకేసారి మోగే స్వరసమూహాల కోసం తీగ శ్రుతిని మార్చుతుంది. వీణ ఒక స్వరం చుట్టూ తిరిగే గమకం కోసం తీగను లాగుతుంది. అవసరాలు వేరు. అయితే కోపెడెంట్ పట్టికను రాసుకొనే వాద్యకారునికి తన అమరిక తన సంగీతంలో భాగమని తెలుసు. దానికి ఒక పేరుంది, ఒక లిపి ఉంది, దాని చరిత్ర రాసేవారున్నారు. మైనంలో మెట్టు నిలిపే పనికి తెలుగులో అలాంటి లిఖితపరంపర లేదు.

5. పాలకొల్లు మాండలిన్

అమరికను మార్చడం వల్ల ఒక వాద్యం ఒక సంగీతంలోకి ప్రవేశించిన ఉదాహరణ తెలుగునేలపైనే ఉంది. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో జన్మించాడు. తండ్రి సత్యనారాయణ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను బాలుడు చేతికి తీసుకొన్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాదనం రాదు. ఆయన పాడేవాడు, శిష్యుడు విని వాయించేవాడు. ఈ బోధనాపద్ధతి ఫలితం గమనించదగినది: శిష్యుడు మాండలిన్ వేళ్ల అలవాట్లను కాక గాత్రాన్నే అనుకరించవలసి వచ్చింది, వాద్యం లొంగనిచోట వాద్యాన్నే మార్చవలసి వచ్చింది.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. జంట తీగలను కలిపి అడ్డంగా లాగడం కష్టం. రెండూ ఒకే మేరకు లాగబడవు. పైగా నాదం మీటిన మరుక్షణమే తగ్గిపోతుంది. అందుకే పాశ్చాత్యులు దానిపై మీటుబిళ్లతో గబగబా మీటుతూ స్వరాన్ని నిలబెడతారు. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకొని, జంట తీగల బదులు అయిదు ఒంటి తీగలు వేసుకొన్నాడు. ఒంటి తీగ లాగడానికి లొంగింది; విద్యుత్ సహాయంతో నాదం నిలిచింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన తొలి కచేరీ జరిగింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో చెన్నైలో మరణించాడు.

ఆయనపై వచ్చిన ప్రశంసలన్నీ బాలమేధను కీర్తించాయి. అది న్యాయమే. జంట తీగలు ఒంటివి కావడాన్ని మాత్రం ఒక వాక్యంలో దాటవేశాయి. వయొలిన్ విషయంలోనూ ఇదే జరిగింది. ఐరోపా వాద్యం కర్ణాటక సంగీతంలోకి వచ్చినప్పుడు తీగల శ్రుతి షడ్జ పంచమ షడ్జ పంచమాలుగా మారింది. వాద్యాన్ని పట్టుకొనే భంగిమ మారింది. చరిత్రలు వయొలిన్‌ను ఎవరు తెచ్చారన్న వాదానికి పుటలు కేటాయించి, ఏం మార్చి తెచ్చారన్నదానికి పాదసూచిక ఇస్తాయి.

6. మేళం వేసే చేయి

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా పనసకట్టెతో వీణలు చేస్తున్నాయి. ఒకే దుంగలో కుండ, దండి తొలిచే ఏకాండివీణ వారి ప్రత్యేకత. 2012లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు కట్టెకూ ఆకారానికీ ఊరి పేరుకూ రక్షణ. మేళం వేసే విద్య దాని వెలుపలే ఉండిపోయింది; అది వస్తువు కాదు, చెవి.

ఆ పనిలో ఏముంది? పన్నెండవ మెట్టు తీగ పొడవులో సగం వద్ద, ఇరవైనాలుగవది పావు వద్ద ఉండాలని లెక్క చెబుతుంది. లెక్క ప్రకారం పెడితే స్వరం హెచ్చుగా పలుకుతుంది. ఎందుకంటే తీగను మెట్టుపైకి నొక్కినప్పుడు బిగువు పెరిగి శ్రుతి పెరుగుతుంది. మెట్టు ఎంత ఎత్తుగా ఉంటే అంత పెరుగుతుంది. అందుచేత మెట్టును లెక్కకన్నా కొంచెం బిరడాల వైపు జరపాలి. ఎంత జరపాలనేది మెట్టు ఎత్తు, తీగ మందం, గుర్రం ఎత్తు, వాయించేవారి వేలి బరువు నిర్ణయిస్తాయి. మెట్ల పైభాగాలు వరుసగా ఒక వాలులో ఉండాలి. లేకుంటే తీగను లాగినప్పుడు ఎక్కడో ఒకచోట అది పై మెట్టును తాకుతుంది. మైనం వేడిగా ఉండగా మెట్టు దించి, తీగ మీటి విని, జరిపి, మళ్లీ విని, చల్లారనిస్తారు. ఇరవైనాలుగు సార్లు. పక్క తీగతో కలుస్తున్నదా అని చూసుకోవడం ఇందులో ప్రతి అడుగునా ఉంది. స్వయంభూస్వరం అనే మాట వినకపోయినా, రామామాత్యుడు చెప్పిన పరీక్షను ఈ కళాకారులు చేతితో చేస్తున్నారు. శాస్త్రం పనివాడికి నేర్పిందా, పనివాడి నుండి శాస్త్రం నేర్చుకొన్నదా అన్న ప్రశ్నకు వీణాప్రకరణాల స్థానమే ఒక జవాబు. 1550కి పూర్వం విజయనగరంలో ఎవరో మెట్లు వేసి ఉండకపోతే, అవి మరీ దగ్గరగా వస్తున్నాయని మంత్రికి తెలిసేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వంటి చోట్ల ఈ ప్రశ్న ఆచరణలో ఎదురవుతుంది. నాలుగడుగుల వాద్యాన్ని బస్సులో గొల్లపల్లికి పంపి తెప్పించడం తేలిక కాదు. వెళ్లిన మేళం తిరుగు ప్రయాణపు ఎండలో మళ్లీ కదలవచ్చు. మైనం లేకుండా మరలతో బిగించే మెట్ల వీణలు ఇందుకే ఆదరణ పొందుతున్నాయి. అవి ఎండకు చెడవు. వాటిపై మెట్టును రవంత జరిపే అవకాశమూ అంతగా ఉండదు. సర్వరాగమేళం వైపు రామామాత్యుని కాలంలో మొదలైన నడక ఇక్కడ మరో మజిలీ చేరింది. దీన్ని పతనంగా చూడడం తేలిక, కాని సరికాదు. రఘునాథుని కాలంలో కదలని మెట్లు చూసిన వైణికులకూ ఇలాంటి అనుమానమే కలిగి ఉండవచ్చు.

మరో మార్పు కంటికి కనపడనిది. మెట్టు సరిగా ఉందా అని చూడడానికి ఇప్పుడు పక్క తీగ బదులు సెల్‌ఫోను శ్రుతియంత్రాన్ని వాడడం పెరిగింది. అందులో ముల్లు పియానో సమవిభాగాన్ని కొలుస్తుంది. సమవిభాగంలో షడ్జం నుండి అంతరగాంధారం 400 సెంట్లు. తంబురా నాదంలో సహజంగా వినిపించే గాంధారం 386 సెంట్లు. పధ్నాలుగు సెంట్ల తేడా మెట్టు మీద వెంట్రుకవాసి. పెడల్ స్టీల్ వాద్యకారులు కూడా ఈ తేడా దగ్గరే ఆగి, యంత్రం చూపిన గుర్తుకన్నా కొంచెం దించి శ్రుతి చేసుకొంటారు.

నేటి వీణపై సారణి తీగ కింద ఆ గాంధారం పలికేది నాలుగవ మెట్టు. అదే మెట్టు పంచమపు తీగపై కాకలినిషాదం. శుద్ధమేళవీణలోనూ నాలుగవ మెట్టుపైనే రామామాత్యుడు చ్యుతమధ్యమగాంధారాన్ని నిలిపి, అంతరగాంధారానికి వేరే మెట్టు వేయకుండా ఊరుకొన్నాడు.